జనాజాకు ఒక రోజు ముందు



విపత్తు అనే మాట వినగానే టీవీ మనకి సముద్రాన్ని చూపిస్తుంది. వంగిపోయిన కొబ్బరిచెట్లు, నీళ్ళలో మునిగిన బస్సులు, పడవల్లో వచ్చే జవాన్లు. మా పామూరుకి ఇవేవీ తెలియవు. సముద్రం మాకు దూరం. పడమటేమో వెలిగొండలు. బంగాళాఖాతంలో తుఫాను పట్టిందని చెప్తే మావైపు రైతులు పైకి అనరు గానీ లోపల కాస్త సంతోషపడతారు. చెరువులోకి నాలుగు నీళ్ళొస్తాయి, కందికి ఒక తడి దక్కుతుంది అని.

మావైపు వచ్చే ముసీబత్‌లు చప్పుడు చేయవు. కరువు ఏ తారీఖున మొదలైందో ఎవరూ చెప్పలేరు. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల నీళ్ళలోని ఫ్లోరైడ్ మనుషుల ఎముకల్ని బిగదీస్తోందని డాక్టర్లు 1937లోనే రాశారు. అప్పటికి ఇదంతా నెల్లూరు జిల్లా. ఎనభై ఏళ్ళు దాటినా ప్లాంటు నీళ్ళ క్యాను కొనుక్కోలేని ఇంట్లో ఇంకా ఆ నీళ్ళే. ఇక అన్నిటికంటే నిశ్శబ్దంగా వచ్చేది ఎండ. తుఫానుకి పేరు పెడతారు. మా ఎండకి పేరు కూడా లేదు. వడదెబ్బ అంటారు, అంతే. అదీ మనిషి పోయాకనే అంటారు.

2015 మే నెల గుర్తుందా? ఆ వేసవి ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 1,300 మందికి పైగా వడగాలులకి చనిపోయారని సర్కారు లెక్క. 1990 మే తుఫానులో ఉమ్మడి రాష్ట్రంలో పోయిన వాళ్ళు వెయ్యి లోపే. అంటే ఒక పెద్ద తుఫాను కంటే ఆ మే నెల ఎండ ఎక్కువ మందిని తీసుకుపోయింది. ఎక్కువ దెబ్బతిన్న జిల్లాల్లో మా ప్రకాశం ఒకటి. అయినా ఆ ఎండ మీద ఎవరూ సినిమా తీయలేదు, ఏ ఊళ్ళోనూ స్మారకం కట్టలేదు.

మా నానీవాళ్ళ గల్లీలో ఒక బూబమ్మ ఉండేది. పేరు రాయను, ఆమె పిల్లలు ఇంకా ఉన్నారు. భర్త ఎప్పుడో పోయాడు. కొడుకు బెంగుళూరులో సెంట్రింగ్ పని. ఆమెది ఒక్క గది, పైన సిమెంటు రేకులు. ఆ మే నెలలో ఒక రోజు అసర్ తర్వాత పక్కింటి పిల్ల పులుసు గిన్నె తిరిగివ్వడానికి పోయి తలుపు కొడితే పలకలేదు. లోపల మంచం మీద ఉంది. బిందెలో నీళ్ళున్నాయి. ఫ్యాను లేదు, కరెంటు పోయి ఎంతసేపయిందో. ఆమె జొహర్ కంటే ముందే పోయి ఉంటుందని గుసుల్ ఇచ్చిన ఖాలా తర్వాత మా అమ్మీతో అంది.

ఆ తర్వాత జరిగింది చూస్తే ఎవరైనా మెచ్చుకోవాల్సిందే. పావుగంటలో మోజన్ సాబ్ మైకులో ఏలాన్ చేశాడు. అరగంటలో నలుగురు కుర్రోళ్ళు కబరు తవ్వడానికి పోయారు. ఒకరు కఫన్ బట్టకి, ఒకరు కర్పూరం, అత్తరుకి. మసీదు నుంచి జనాజా వచ్చింది. గుసుల్ ఖాలా వంటచేసే చేతులు కడుక్కుని వచ్చేసింది. బెంగుళూరు నుంచి కొడుకు బయలుదేరాడా లేదా అని ఫోన్లు చేసే బాధ్యత ఒకరిది. వచ్చిన చుట్టాలకి అన్నం ఎవరింట్లో అన్నది ఆడవాళ్ళు పది నిమిషాల్లో తేల్చుకున్నారు. కొడుకు చేరేదాకా ఆగి, ఫజర్ తర్వాత దఫన్ అయింది. ఎవరికీ ఎవరూ ఆర్డర్ వేయలేదు. ఎవరి జిమ్మేదారీ వాళ్ళకి తెలుసు.

నేను చదివిన విపత్తు నిర్వహణ పుస్తకాల్లో సమన్వయం, సత్వర స్పందన, వనరుల సమీకరణ అని పెద్ద పెద్ద మాటలుంటాయి. ఆ మాటలన్నీ మా గల్లీకి వచ్చు. ఒక మనిషి పోతే మన జమాత్ చేసే ఇంతెజామ్ ముందు ఏ ఆఫీసూ నిలబడదు. నన్ను తొలిచేది ఒకటే. ఈ ఇంతెజామ్ అంతా ఒక రోజు ముందు ఎందుకు కదలదు? తలుపు కొట్టే చెయ్యి అసర్‌కి బదులు పొద్దున పదింటికి వచ్చుంటే ఆ బూబమ్మ బతికేదేమో.

ఇంకో సంగతీ ఉంది. మన మయ్యత్‌లు చాలావరకు లెక్కలోకి రావు. ఆ ఏడు వడదెబ్బ చావుకి రాష్ట్ర ప్రభుత్వం లక్ష రూపాయలు ప్రకటించింది. అది రావాలంటే వడదెబ్బే అని అధికారులు, డాక్టరు తేల్చాలి. మనం మయ్యత్‌ని త్వరగా సాగనంపుతాం. పోస్టుమార్టం అంటేనే ఇంట్లోవాళ్ళు వణికిపోతారు. "వయసైపోయింది, అల్లాహ్ బులావా వచ్చింది" అని సబర్ చేసుకుంటాం. సబర్ మంచిదే. కానీ లెక్కకి రాని చావు నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోరు. ఏ రేకుల ఇంట్లో, ఏ వయసు వాళ్ళు, ఏ గంటలో పోతున్నారో మనకే తెలియకపోతే కాపాడేది ఎవర్ని?

ఇది మన పల్లెల సమస్య మాత్రమే కాదు. 1995 జులైలో అమెరికాలోని చికాగోలో ఇలాంటి ఎండే కాసింది. 739 మంది పోయారు. ఎరిక్ క్లైనెన్‌బెర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆ చావుల మీద పుస్తకం రాశాడు. నార్త్ లాన్‌డేల్, సౌత్ లాన్‌డేల్ అని రెండు పక్కపక్క బస్తీలు. రెండూ పేదవే. రెండింట్లోనూ ఒంటరి ముసలివాళ్ళున్నారు. అయినా నార్త్‌లో చావుల రేటు సౌత్ కంటే దాదాపు పది రెట్లు. తేడా ఎక్కడంటే, సౌత్‌లో వీధులు నిండుగా ఉండేవి. దుకాణాలు తెరిచి ఉండేవి, చర్చిలు మనిషిని కనిపెట్టి ఉండేవి, ముసలాయన బయటికి రాకపోతే ఎవరో ఒకరు అడిగేవాళ్ళు. నార్త్‌లో ఫ్యాక్టరీలు మూతపడి జనం వెళ్ళిపోయారు, ఇళ్ళు పాడుబడ్డాయి, మిగిలినవాళ్ళు భయంతో తలుపులేసుకున్నారు.

అది చదువుతుంటే నాకు మా గల్లీ తాళాలు గుర్తొచ్చాయి. హైదరాబాద్, బెంగుళూరు పనులకి పోయినవాళ్ళ తాళాలు. మొదట పిల్లలు పోయారు, తర్వాత కోడళ్ళు పోయారు. మిగిలింది నానీలు, దాదీలు. ఒకప్పుడు ఎండాకాలం మధ్యాహ్నం వేపచెట్టు కింద నులక మంచాల మీద గల్లీ అంతా ఉండేది. ఇప్పుడు చెట్టు లేదు, గల్లీ సిమెంటయింది, మిద్దెల స్థానంలో రేకులొచ్చాయి. ఊరు మెల్లగా నార్త్ లాన్‌డేల్ అవుతోంది.

మరి తలుపు కొట్టాల్సింది ఎవరు? ప్రభుత్వం అనొచ్చు. తప్పు లేదు. విపత్తుల సంస్థ ఇప్పుడు ఏ మండలంలో వడగాలులో ముందురోజే చెప్తోంది, ఫోన్లకి మెసేజ్‌లు పంపిస్తోంది. 2019లో యాభై ఇళ్ళకి ఒక వాలంటీరుని పెట్టారు, 2024 తర్వాత ఆ వ్యవస్థ లేదు. వ్యవస్థలు వస్తుంటాయి, పోతుంటాయి. మెసేజ్ కూడా ఫోన్ ఉన్నవాడి దాకానే పోతుంది, అదీ చదవడం వస్తే. మా బూబమ్మ దగ్గర బటన్ ఫోన్ ఉండేది, కొడుకు ఫోన్ చేస్తే పచ్చబటన్ నొక్కడం ఒక్కటే వచ్చు.

అందుకే నేను పెద్ద పెద్ద లీడర్ల గురించి మాట్లాడను. స్థానిక నాయకుడు అనగానే మనకి ఖద్దరు చొక్కా, ఫ్లెక్సీ గుర్తొస్తాయి. నా దృష్టిలో ఎండాకాలం నాయకులు వేరే ఉన్నారు. మొదటివాడు మోజన్ సాబ్. రోజుకి ఐదుసార్లు ఆయన సఫ్‌లని చూస్తాడు. ఫజర్‌కి రోజూ వచ్చే ముసలాయన రెండు రోజులు రాకపోతే అందరికంటే ముందు తెలిసేది ఆయనకే. హాజరు పట్టీ లేదు గానీ హాజరు ఉంది.

కానీ మావైపు ఆడవాళ్ళు మసీదుకి రారు. అంటే సగం మొహల్లా మోజన్ సాబ్ కళ్ళకి కనపడదు. ఒంటరిగా మిగిలేది కూడా ఎక్కువగా ఆడవాళ్ళే. వాళ్ళ హాజరు ఎవరి దగ్గరుంది? గుసుల్ ఇచ్చే ఖాలా దగ్గర ఉంది. ఏ ఇంట్లో ఏ ముసలామె మంచాన పడింది, ఎవరికి షుగరు, ఎవరు కోడలితో మాట్లాడక వేరే గదిలో ఉంటోంది, అన్నీ ఆమెకి తెలుసు. ఆశా వర్కరుకి తెలుసు. అంగన్‌వాడీ టీచరుకి తెలుసు. పొదుపు గ్రూపు లీడరుకి ఎవరు రెండు వారాలుగా మీటింగుకి రాలేదో తెలుసు. మాకు దక్షిణాన, నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు 1992లో సారాని తరిమితే, 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా బందయింది. వాళ్ళని ముందు నడిపిన రోశమ్మ ఏ పదవిలోనూ లేదు. మన పక్కనే అలాంటి తారీఖ్ ఉండగా ఆడవాళ్ళు నాయకత్వం చేయగలరా అని అడిగేవాళ్ళకి నేనేం జవాబు చెప్పను?

మసీదు మైకు సంగతి కూడా చెప్పుకోవాలి. 1970లో ఇప్పటి బంగ్లాదేశ్‌లో తుఫానుకి మూడు లక్షల మందికి పైగా పోయారు. 1972లో అక్కడ రెడ్‌క్రాస్‌తో కలిసి సర్కారు ఒక కార్యక్రమం పెట్టింది. తీరం వెంట ప్రతి ఊళ్ళో వాలంటీర్లు, వాళ్ళ చేతిలో జెండాలు, మెగాఫోన్లు. మసీదు మైకుల్లో హెచ్చరికలు. అయినా 1991 తుఫానులో సుమారు లక్షా నలభై వేల మంది పోయారు. అందులో ఆడవాళ్ళే ఎక్కువ. మగవాళ్ళు ఇంటికి రాలేదని ఆగినవాళ్ళు, షెల్టర్లో పరదా ఉండదని బిడియపడినవాళ్ళు, పిల్లల్ని వదల్లేనివాళ్ళు. ఆ తర్వాత ఆడ వాలంటీర్లని పెంచారు. ఇప్పుడు డెబ్బై వేలకి పైగా ఉన్న వాలంటీర్లలో సగం మంది ఆడవాళ్ళే. 2007లో సిద్ర్ అనే పెద్ద తుఫాను వస్తే సుమారు 3,400 మంది పోయారు. అదీ తక్కువేం కాదు. కానీ మూడు లక్షల నుంచి అక్కడికి రావడం వెనక షెల్టర్లు, ముందస్తు సమాచారంతో పాటు, ఇంటింటికీ పోయి "లెండి చెల్లెమ్మా" అన్న పక్కింటామె కూడా ఉంది.

ఇమామ్ సాబ్ మాటకున్న బరువు డాక్టరు మాటకి ఉండదు. ఇది నేను మా ఇంట్లోనే చూశాను. 2015లో మన ఎండలు తగ్గిన కొన్నాళ్ళకే జూన్‌లో కరాచీలో వడగాలులకి వెయ్యి మందికి పైగా పోయారు. అప్పుడే రంజాన్ మొదలైంది. ప్రాణం మీదకొస్తే రోజా విడవొచ్చని అక్కడి ఉలమా బహిరంగంగా చెప్పాల్సి వచ్చింది. మనకి 2018, 2019లో రంజాన్ నిండు ఎండల్లో పడింది. మా పెద్దమామూ షుగర్ మనిషి. రోజా ఉండొద్దని కనిగిరి డాక్టరు చెప్పినా వినలేదు. "నలభై ఏళ్ళలో ఒక్క రోజా పోలేదురా, ఈయనొచ్చి ఆపేదేంది" అన్నాడు. పేష్ ఇమామ్ సాబ్‌కి తెలిసి తరావీ తర్వాత ఇంటికొచ్చారు. నలుగురిలో అనలేదు. పక్కన కూర్చుని, రోగికి అల్లాహ్ తానే రుఖ్సత్ ఇచ్చాడని, రోజుకి ఒక మిస్కీన్‌కి అన్నం పెట్టే ఫిద్యా ఉందని నెమ్మదిగా చెప్పారు. "రుఖ్సత్‌ని కాదనడం కూడా అదబ్ కాదు భాయీ" అన్నారు. మామూ చాలాసేపు మాట్లాడలేదు. తెల్లారి సహరీకి లేవలేదు. ఆ ఏడు ఫిద్యా లెక్క మా మామీ రాసిపెట్టింది.

ఇదంతా రాస్తున్నానంటే స్థానిక నాయకులు అందరూ ఫరిష్తాలని కాదు. మొహల్లాలో పని మొదలుపెడితే మొదట వచ్చేది తగాదానే. మా దగ్గర 2016లో మామూ, మరో ఇద్దరు కలిసి ఒంటరి ముసలివాళ్ళ పేర్లు ఒక నోటుబుక్కులో రాద్దామన్నారు. మష్వరాలో ఒకాయన "ఇది సర్కారు పని, మసీదుకెందుకు" అన్నాడు. ఇంకొకాయన తన వైపువాళ్ళ పేర్లే ముందు చెప్పడం మొదలుపెట్టాడు. అన్నిటికంటే ఎక్కువసేపు నడిచిన వాదం గల్లీ చివర ఉన్న మూడు హిందూ ఇళ్ళ గురించి. జమాత్ పుస్తకంలో వాళ్ళ పేర్లెట్లా రాస్తామని. దానికి తీర్పు చెప్పింది కబరు తవ్వే పెద్దాయన. "పడోసీ హక్ గోడ దగ్గర ఆగుద్దా? ఆ అవ్వ మన పెళ్ళిళ్ళకి ఆకులు కుట్టింది. రాయండి" అన్నాడు. రాశారు. మొత్తం ఇరవై మూడు పేర్లు. అందులో పదిహేడు ఆడవాళ్ళవి.

ఆ పుస్తకంలో పెద్ద ప్లాను లేదు. పేరు, ఇల్లు ఎక్కడ, పైన రేకులా స్లాబా, ఏం మందులు, ఎవరికి ఫోన్ చేయాలి. ప్రతి పేరు పక్కన ఇంకో పేరు, పొద్దున పదింటికి, మధ్యాహ్నం మూడింటికి తలుపు కొట్టాల్సిన మనిషిది. ఏప్రిల్, మే, జూన్ మొదటి వారాలు, అంతే. ఆశా వర్కరు ఒక సాయంత్రం వచ్చి చెప్పిన నాలుగు మాటలు చివరి పేజీలో ఉన్నాయి. మనిషి తికమకగా మాట్లాడినా, ఒళ్ళు కాలిపోతున్నా ఆలస్యం చేయొద్దు. నీడకి చేర్చి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో మెడ, చంకలు, గజ్జలు తుడవాలి. విసురుతూనే ఉండాలి. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయొద్దు. 108కి ఫోన్ చేయాలి. స్పృహ ఉంటే ఉప్పేసిన మజ్జిగో, ఓఆర్ఎస్సో కొంచెం కొంచెం పట్టాలి. మధ్యాహ్నాలు మసీదు వరండా, ఫ్యాన్లు, కూజాలు అందరికీ తెరిచి ఉంచాలని కూడా అనుకున్నారు. ఆడవాళ్ళ కోసం పక్కనున్న ఉర్దూ మదర్సా గది.

ఇందులో మనకి కొత్తేముంది? మొహర్రంలో దాహంతో పోయిన హుసేన్‌ని తలుచుకుని సబీల్ పెట్టి షర్బత్ పోస్తాం. మన ఊళ్ళో కోమట్లు, రెడ్లు బజారులో చలివేంద్రాలు పెడతారు. నీళ్ళివ్వడం మన రెండు మజహబ్‌లకీ వచ్చు. కాకపోతే సబీల్, చలివేంద్రం నడిచొచ్చిన దాహానికి నీళ్ళిస్తాయి. మంచం దిగలేని దాహం దగ్గరికి మనమే నడవాలి.

రెండు మాటలు కటువుగా కూడా చెప్పాలి. ఒకటి, ఇవన్నీ ఎవరు చేస్తారంటే అందరి వేళ్ళూ మోజన్ సాబ్ వైపు, ఆశా వర్కరు వైపు తిరుగుతాయి. చాలా ఊళ్ళలో మోజన్‌కి మనమిచ్చే జీతం చెప్పుకుంటే సిగ్గు. ఖిద్మత్ అని పేరుపెట్టి పేదవాడి భుజం మీద ఇంకో మూట పెట్టడం నాయకత్వం కాదు. పని పంచాలి, ఎండాకాలం మూడు నెలలు బైతుల్‌మాల్ నుంచి ఎంతో కొంత ఇవ్వాలి. రెండోది, మనం తలుపులు కొడుతున్నామని సర్కారు నిద్రపోకూడదు. రేకుల కింద బతికేవాళ్ళకి చల్లని కప్పు కావాలి, మధ్యాహ్నం కరెంటు పోకూడదు, తాగే నీళ్ళు కావాలి. వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో పునాదిరాయి పడినప్పుడు పుట్టిన పిల్లలు ఇప్పుడు పెళ్ళిళ్ళై పిల్లల్ని కన్నారు. నోటుబుక్కు కాలువకి బదులు కాదు. నోటుబుక్కు రాసినవాళ్ళే కాలువ గురించి కూడా అడగాలి. పేర్లతో, లెక్కతో అడిగే మొహల్లా మాటని ఆఫీసులో తీసిపారేయడం కష్టం.

ఆ పుస్తకం ఏం సాధించిందని నన్ను అడిగితే, ఇంతమందిని కాపాడిందని లెక్క చెప్పలేను. చనిపోకుండా మిగిలిన మనిషిని ఎవరూ లెక్కపెట్టరు కదా. ఒకటి మాత్రం తెలుసు. పుస్తకంలో ఉన్న ఒక నానీ పొద్దున పదింటికి తలుపు చప్పుడు కోసం ముందే లేచి దుపట్టా సర్దుకుని కూర్చునేదట. నీళ్ళు ఆమె దగ్గరా ఉన్నాయి. మనిషి కోసం కూర్చునేది.

ఈ రాసింది చదివే బహనోం, భాయియోం, మీ ఊరు గిద్దలూరో, మార్కాపురమో, కంభమో, సి.ఎస్. పురమో, ఎక్కడైనా కానివ్వండి. మార్చి వచ్చేలోపు ఒక జుమా రోజు నమాజ్ అయ్యాక పది నిమిషాలు ఆగండి. ఒక నోటుబుక్కు తీయండి. ఇంట్లో ఆడవాళ్ళని అడిగి పేర్లు రాయండి, వాళ్ళకి తెలిసినన్ని మనకి తెలియవు. ఊరొదిలి దూరాన ఉన్నవాళ్ళు మీ అమ్మీ ఇంటి పక్కన ఎవరుంటారో కనుక్కుని, వాళ్ళ నంబరు ఫోన్లో పెట్టుకోండి, ఈద్‌కి కాకుండా మే నెలలో ఫోన్ చేయండి. కఫన్ పెట్టెలో ఎప్పుడూ ఒక కొత్త బట్ట సిద్ధంగా ఉంచే జమాత్ మనది. దాని పక్కనే ఈ పుస్తకం కూడా ఉంచుదాం.

అల్లాహ్ మన పెద్దల నీడని మన మీద ఉంచాలి. వాళ్ళ మీద నీడ పట్టే తౌఫీఖ్ మనకివ్వాలి. ఆమీన్.